ఆరు పాయింటు తొంభై రెండు

ఆ కాగితం మీద 6.92 అన్న అంకె చూసి జగ్గారావు నవ్వాడు. పళ్ళు బయటపెట్టి నవ్వలేదు గానీ, హమ్మయ్య అని గుండెల్లోంచి ఊపిరి దిగి, దాని వెనకే నవ్వొచ్చేసింది. మరి రాదా? పద్ధెనిమిదేళ్ళుగా అదే అంకె కోసం మొదట్లో సైకిలెక్కి, తర్వాత స్కూటరెక్కి, ఆటోనగర్ అవతలి ఫ్యాక్టరీలో నీళ్ళ లేబరేటరీకి పోతున్న మనిషి. నీళ్ళలో పులుపెంత, క్షారమెంత అని చెప్పే అంకె అది. పీహెచ్ అంటారు. ఏడుంటే అటూ కాదు ఇటూ కాదు, ఏ పేచీ లేని నీళ్ళు. ఏడుకి ఇంత దగ్గరగా వచ్చిందంటే ఆ పూటకి రిజిస్టర్లో టిక్కు పెట్టి టీకి పోవడమే. అందుకని, ఐసీయూ తలుపు బయట నిలబడి, కన్నకూతురి రక్తం రిపోర్టు చేతిలో పెట్టుకుని, "న్యూట్రలే కదా మేడమ్, అయితే పర్లేదన్నమాట" అన్నాడు. డాక్టర్ అనూరాధ కళ్ళజోడు తీసి అతని మొహంలోకి చూసింది. కోపం కూడా కాదది. ఈ మనిషికి బుద్ధి లేదా, ప్రేమ లేదా అని తేల్చుకోలేక చూసిన చూపు.

"ఏం చేస్తుంటారు మీరు?"

"వాటర్ లేబ్ మేడమ్. ఎనలిస్టుని."

"నీళ్ళకి బావుంటుందండీ అది. రక్తానికి కాదు. మనిషి రక్తం ఏడు ముప్ఫై అయిదుకీ ఏడు నలభై అయిదుకీ మధ్యలో ఉండాలి. అంతే చోటు. మీ పాప ఆరు తొంభై రెండులో ఉంది. ఆరు ఎనభై కిందకి పోతే ఇక మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు. పన్నెండింటికి మళ్ళీ తీసి చూస్తాం. అప్పటికి పైకి లేవాలి."

తలుపు మూసుకుంది. గోడ గడియారంలో పదకొండు. ఆ నవ్వు ఇంకా అతని మొహం మీదే ఉంది, దాన్నెలా తీసెయ్యాలో తెలియలేదు.

అంతే చోటు అంది. ముప్ఫై అయిదు నుంచి నలభై అయిదు. జగ్గారావు వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాడు, వేళ్ళతో పనేముంది, ఒక్క అంకెలో పదో వంతు. బాయిలర్‌లోకి పోయే నీళ్ళకి ఓ అంకె వెడల్పు ఇస్తారు. బయటికి వదిలే మురుగునీటికి రెండంకెలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎక్కడున్నా ఎవరూ అడగరు. ఇనప గొట్టాలకే అంత వెసులుబాటు ఉంటే, కాలికి మేకు దిగినా ఉఫ్ అని ఊదుకుని గెంతే ఈ పిల్లకి పదో వంతా? ఇన్నాళ్ళూ నీలిమ అంత సన్నటి గట్టు మీద నడిచిందా, తాడాట ఆడుతూ, దొంగతనంగా జంతికలు తింటూ, రెండు జడలూ ఎగరేసుకుంటూ స్కూలు బస్సు వెనక పరిగెత్తుతూ? తను మాత్రం? చేపల పులుసు తిని గురకపెట్టిన ప్రతి ఆదివారమూ తన రక్తం ఆ ఏడు నలభై దగ్గరే ఉండి ఉంటుంది, తను అడక్కుండా, ఎవరూ మీటరు పెట్టి చూడకుండా. లేబ్‌లో పని లేని పూట పందేలు వేసుకుని ఏవేవో ముంచి చూశారు మీటర్లో, చింతపండు రసం, కేంటీన్ టీ, మజ్జిగ, బీచి నుంచి సీసాలో పట్టుకొచ్చిన సముద్రపు నీళ్ళు. రక్తానికీ ఒక అంకె ఉంటుందని ఒక్కడికి తట్టలేదు. ఒక అంకె దిగితే పులుపు పది రెట్లని, అర అంకె దిగితే మూడు రెట్లని, కొత్తగా చేరినవాళ్ళకి బల్ల గుద్ది చెప్పేది మాత్రం ఇతనే. మూడు రెట్లు. పద్నాలుగేళ్ళ పిల్ల ఒంట్లో మూడు రెట్ల పులుపు. అది చూసి నవ్వాడు. తండ్రి.

గౌరీశ్వరి బెంచీ మీద కూర్చోలేదు. తలుపు పక్కనే నేల మీద గోడకి చేరగిలబడి, నర్సు తీసిచ్చిన పిల్ల గాజుల్ని కొంగున మూట కట్టుకుని కూర్చుంది. మొగుడి వైపు చూడదు. చూడలేదని ఉడుక్కునే మొహం కూడా లేదతనికి. గంట కిందట, పిల్లని స్ట్రెచర్ మీద లోపలికి తోస్తూనే అనూరాధ అడిగింది, ఇన్సులిన్ ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు అని. జగ్గారావు నోరు తెరిచాడు. తెరిచాడనే అతని నమ్మకం. మాట మాత్రం గౌరీశ్వరి నోట్లోంచి వచ్చింది.

"నానేనమ్మా. తిండి తినట్నేదని బయమేసి నిన్నొక్క రోజూ మానీసినాను."

ఒక్క ఊపిరిలో రెండు అబద్ధాలు. ఆపమన్నది ఆమె కాదు. ఆపింది నిన్నా కాదు. మేనమామ కూతురు, పదహారేళ్ళ కాపురం, కూరలో ఉప్పు తగ్గితే కూడా "నువ్వు తెచ్చిన ఉప్పే అంత" అని అతని మీదికి తోసే మనిషి, ఇంత పెద్దదాన్ని తన నెత్తిన ఎందుకు వేసుకుంది? మొగుణ్ణి కాపాడిందా, లేక మా ఆయన సైన్సు చదివినోడు అని పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఆమెతో సహా అందరికీ చెప్పుకున్న తన మాటని కాపాడుకుందా? డాక్టరు పెన్ను కేసుషీటు మీద కదిలింది. ఒక రోజు అని రాసుకుంది. ఆ పెన్ను కదలడం అతను చూశాడు, ఆగడమూ చూశాడు, చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం ఇంత తేలికని అతనికి ఇవాళే తెలిసింది.

ఇవాళ బుధవారం. సూది ఆపడం సోమవారం మాట. కాదు, ఆదివారం నుంచి చెప్పుకోవాలి. ఆదివారం భీమునిపట్నంలో గౌరీశ్వరి అక్కగారింటికి పోయారు, రొయ్యల కూర, ఎండలో ఇసకలో పరుగులు, సాయంత్రం ఆరింటికి అక్కడే పిల్లకి ఇన్సులిన్ వేసి ఇంత అన్నం పెట్టి బస్సెక్కారు. బస్సు సగం దారిలో ఉండగానే కిటికీలోంచి వాంతి. తెల్లారేలోపు ఇంకో నాలుగు. సోమవారం అతనిది పొద్దుటి షిఫ్టు, ఆరుకల్లా గేటు దాటాలి, గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. మూడేళ్ళుగా, తొంభై ఆరులో పిల్లకి సుగరని తెలిసిన రోజు నుంచీ, పొద్దునొకటి సాయంత్రమొకటి తడబడకుండా పొడిచే గౌరీశ్వరి చెయ్యి ఆ పూట సిరంజితో ఆగింది.

"బావా, పిల్ల రాత్తిరి నించీ ఏటీ తిన్నేదు. నీలు తాగినా కక్కేత్తంది. సూదెయ్యాలా, వొద్దా?"

"తిండే నేకపోతే మందేటే? మా ప్లాంటులో ఫీడు ఆగితే డోసింగు పంపు ఆపీడమే. ఆపీ."

తలెత్తి కూడా చెప్పలేదు. లేసు ముడేస్తూ చెప్పాడు. ఆపీ. అంత బరువైన మాట అంత పొట్టిగా ఎలా ఉంది? గొట్టంలో పారే నీటికి తగ్గట్టు బొట్టు బొట్టుగా మందు కలుపుతుంది డోసింగు పంపు. నీరాగితే మందూ ఆపాలి, ఆపకపోతే ఉన్న కాస్త నీళ్ళలో మందు పెరిగి గొట్టం తినేస్తుంది. పద్ధెనిమిదేళ్ళలో ఒక్కసారి తప్పు కాని సూత్రం. పైగా పోయినేడాది భయం ఒకటుంది. నీలిమ సూది వేయించుకుని టిఫిన్ తినకుండా బడికి పోయి, ప్రార్థన వేళ వరసలో నిలబడింది నిలబడినట్టే కూలిపోయింది. తిండి లేని ఇన్సులిన్ ఏం చేస్తుందో అతను కళ్ళారా చూశాడు. ఇన్సులిన్ లేని ఒళ్ళు ఏం చేస్తుందో చూడలేదు. ఇందాక అనూరాధ గబగబా చెప్పిపోయిన ముక్కల్ని కూడగట్టుకుంటే ఇప్పుడు తెలుస్తోంది, ఫీడు ఆగనే లేదు. నోట్లోకి పోయే తిండి ఆగింది గానీ ఒళ్ళు పస్తుండదు. రక్తం నిండా చక్కెరున్నా ఇన్సులిన్ లేకపోతే కండలకి అందదు, అందక ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటుంది, ఆ కరిగినదాంట్లోంచి యాసిడ్లు పుడతాయి. సోమవారం, మంగళవారం, పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంటే, లోపల యాసిడ్ తయారవుతూనే ఉంది. ఆ రెండు రోజులూ అతను డ్యూటీకి పోయి ఫ్యాక్టరీ నీళ్ళ పీహెచ్ సరిచేసి వచ్చాడు. ఎవరైనా వింటే కట్టుకథ అంటారు.

నర్సు బయటికి రాగానే తలుపు రెండు క్షణాలు తెరిచి ఉంది. ఆ రెండు క్షణాల్లో వినిపించింది. హుస్, హుస్, హుస్. లోతుగా, వేగంగా, మధ్యలో ఆగకుండా. పొద్దున్న ఎనిమిదింపావుకి గౌరీశ్వరి వీధి చివర ఫోను బూతులోంచి లేబ్‌కి చేసి చెప్పింది, "పిల్లకి ఆయాసం ఎక్కువైపోనాది బావా, గుండెలకి ఏడినూనె రాసినా తగ్గట్నేదు, పిలిత్తే పలకట్నేదు" అని. గాజువాక నుంచి ఆటోలో పోర్టు రోడ్డెంబడి ఇనప రాయి లారీల మధ్య ఇరుక్కుంటూ వస్తున్నంతసేపూ పిల్ల తల అతని భుజం మీదే, ఆ ఊపిరి అతని మెడ మీదే. ఇంకాస్త నెమ్మదిగా పీల్చమ్మా, నెమ్మదిగా, అని బతిమాలుతూ కూర్చున్నాడు. ఎంత తెలివి! అనూరాధ చెప్పింది కదా, "ఆ ఊపిరి జబ్బు కాదండీ. ఆ ఊపిరే మీ పిల్లని ఇంతసేపు నిలబెట్టింది" అని. రక్తంలో ఎప్పుడూ కాస్త బైకార్బనేట్, వంటసోడాలో ఉండేదే, నిలవ ఉంటుందట. ఎక్కడ యాసిడ్ పుడితే అక్కడ దాన్ని పట్టుకుని బొగ్గుపులుసు గాలిగానూ నీళ్ళుగానూ మార్చేస్తుందట. ఆ గాలిని ఊపిరితిత్తులు బయటికి ఊదేస్తాయట. ఊదినకొద్దీ లోపల పులుపు తగ్గుతుంది.

అక్కడ ఆగిపోయింది జగ్గారావు బుర్ర. ఇది అతనికి తెలుసు. తెలియడమేమిటి, రోజూ దాని పక్కనే నిలబడి బీడీ కాలుస్తాడు. నీళ్ళలో ఉప్పులు తీసే ప్లాంటులో మొదటి తొట్టి దాటగానే నీరు పుల్లబడుతుంది, ఆ పులుపూ నీళ్ళలోని బైకార్బనేటూ కలిసి అదే బొగ్గుపులుసు గాలి, సోడాబుడ్డిలో ఉండేదే, పుడుతుంది, ఆ నీళ్ళని ఎత్తయిన టవరు మీంచి జల్లుగా వదిలి కింద నుంచి బ్లోయరు పెట్టి గాలిని తరిమేస్తారు. పగలూ రాత్రీ ఆగని బ్లోయరు. ఆగితే కంట్రోలు రూములో గంట మోగుతుంది, మనుషులు పరిగెడతారు. ఆ టవరు చెమట నుంచి మోటారు చప్పుడు దాకా అన్నీ ఎరుగున్నవాడు, తన పిల్ల నిమిషానికి ముప్ఫై ఎనిమిదిసార్లు ఊదుతుంటే, నెమ్మదిగా పీల్చమ్మా అన్నాడు! ఆ పిచ్చిపిల్ల అతని మాట విని ఉంటే? చిన్నప్పటి నుంచీ అతని మాట వినే పిల్ల. ఈ ఒక్కసారి వినలేనంత స్పృహ తప్పి ఉంది కాబట్టి బతికింది. జగ్గారావు బెంచీ మీద కూర్చుండిపోయాడు.

కిటికీ అద్దానికి పోర్టు నుంచి ఎగిరొచ్చిన ఎర్ర దుమ్ము. దాని వెనక క్రేన్లు, వాటి వెనక డాల్ఫిన్ నోస్ కొండ. ఒక ఓడ బారుగా కూత పెట్టింది. పదకొండున్నరా? కాదు, ఇరవై రెండు. గడియారం కూడా ఈ ఆసుపత్రిదే, నమ్మడానికి లేదు. తను లేబ్‌లో కొత్తగా చేరిన రోజుల్లో అచ్యుతరామయ్యగారు, అప్పటి లేబ్ పెద్దాయన, ముక్కుపొడుం పీల్చి చేతులు దులుపుకుని, రెండు బీకర్లు ముందు పెట్టి, ఒకదాంట్లో ఒట్టి శుద్ధజలం, ఒకదాంట్లో బఫరు పోశారు. బఫరంటే ఏమిటో అప్పటికి పుస్తకంలో చదివిన ముక్కే గానీ చూసింది లేదు. శుద్ధజలంలో ఒక్క చుక్క యాసిడ్ వేస్తే మీటరు ముల్లు ఏడు నుంచి దభీమని మూడున్నరకి పడింది. బఫరులో వేస్తే కదల్లేదు. పది చుక్కలు వేసినా బెసగలేదు. జగ్గారావు నోరు వెళ్ళబెట్టాడు. ఆయన పకపకా నవ్వి, "ఏం అబ్బాయ్, ఇది మా ఆవిడనుకో. నేనెన్నన్నా మొహంలో తెలీదు. అలాగని లోపల పడుతున్నది పడకుండా పోతోందా? వెయ్యి, వేస్తూ ఉండు" అన్నారు. వేస్తూ పోయాడు. ముల్లు అక్కడక్కడే. విసుగొచ్చి మాటల్లో పడి చెయ్యి కదుపుతూనే ఉన్నాడు, ఏ చుక్కకో తెలియదు, బఫరులో పట్టుకునే సరుకంతా అయిపోయి ముల్లు ఒక్కసారిగా జారింది. జారడం మొదలెట్టాక ఒక్కో చుక్కకీ ఎంతెంత దూరం పడిపోయిందో!

మంగళవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, "ఏటమ్మా, ఎలాగున్నాది?" అంటే, నీలిమ గోడ వైపు తిరిగి పడుకునే, "బాగానే ఉంది నాన్నా, దాహమే" అంది. వాంతులు కూడా తగ్గాయి. అతను సంతోషించాడు. ముల్లు కదల్లేదు కదా మరి. లోపల రెండు రోజుల యాసిడ్ చుక్క చుక్కగా పడుతూంటే, ఉన్న బైకార్బనేట్ అంతా ఒక్కొక్కటే ఎదురెళ్ళి అయిపోతూంటే, ఎముకలూ కండలూ మూత్రపిండాలూ రక్తంలోని ఎర్రదనమూ కూడా తమ దగ్గరున్నది తెచ్చి పోస్తూంటే, పైకి ఆ పిల్ల చెప్పింది దాహం ఒక్కటే. తల్లి గ్లాసు వెనక గ్లాసు గ్లూకోజు నీళ్ళు కలిపి ఇచ్చింది, నీరసమని. అదీ ఇతని సలహానే.

అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది, దాన్ని ఇప్పటిదాకా దగ్గరికి రానివ్వలేదు. ఆ సాయంత్రమే పిల్ల దుప్పటి సర్దుతూ వంగితే గుప్పుమని వాసన కొట్టింది. తియ్యగా, ఘాటుగా, మిగలముగ్గిన పండు వాసనలాంటిది. జగ్గారావుకి ఆ వాసన పేరు తెలుసు. ఎసిటోన్. లేబ్‌లో గాజు సామాను కడిగాక తొందరగా ఆరడానికి దాంతోనే జాడిస్తారు, చేతులకీ చొక్కాకీ పట్టేస్తుంది. ఛీ, కడుపులో వికారంగా ఉన్న పిల్ల దగ్గరికి ఈ కంపుతో వచ్చానేమిటని తనని తాను తిట్టుకుని, పెరట్లోకి పోయి మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకున్నాడు. రుద్దుకుని, చేతులు వాసన చూసుకుని, పోయిందని తృప్తిపడి, అన్నం తిని, నిద్రపోయాడు. నిద్రపోయాడు! ఆ వాసన పిల్ల ఊపిరిలోంచి వస్తోందని, కొవ్వు కరిగిన చోట పుట్టేవాటిలో అదీ ఒకటని, ఇందాక నర్సు ముక్కు ఎగబీల్చి చెప్పాల్సి వచ్చింది. ఊళ్ళో ఏ తండ్రికైనా ఆ వాసన తెలియకపోతే క్షమించొచ్చు. ఇతనికి తెలుసు. తెలియడం వల్లే మోసపోయాడు. చదువు రాని మామయ్య బతికుంటే, పిల్ల నోరు వాసనేస్తోందని ఆ రాత్రే భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తేవాడు కాదూ? జగ్గారావుకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

పన్నెండుకి ఇరవై నిమిషాలు. ఈ మధ్యలో ఒకసారి అనూరాధ బయటికి వస్తే ఆపి, సోడా బైకార్బనేట్ ఎక్కించరా మేడమ్, మా దగ్గరైతే వెంటనే క్షారం పోసి ఎత్తేస్తాం అన్నాడు. ఇంకా బుద్ధి రాలేదన్నమాట. ఆమె విసుక్కోలేదు. "పోస్తే అంకె బాగవుతుంది, పిల్ల బాగవదు. ఇన్సులిన్ పడనివ్వండి. ఆ యాసిడ్లనే ఒళ్ళు మళ్ళీ బైకార్బనేట్‌గా మార్చుకుంటుంది. ఒక్క రోజు తేడాయే కదా, చూద్దాం" అని లోపలికి పోయింది. ఒక్క రోజు తేడాయే కదా. ఆమె ఒక్క రోజు లెక్కనే మందు పోస్తోంది. నీళ్ళు ఎంత, ఎంత వేగంగా, ఏది ముందు ఏది వెనక, అంతా ఆ ఒక్క రోజు అన్న రాత మీదే నడుస్తోంది. లేబ్‌లో అతను దేనికైనా మనిషి మీద అరిచాడంటే అది రిజిస్టర్లో తప్పు టైము రాసినందుకే. నువ్వు రాసింది నమ్మి వెనకొచ్చే షిఫ్టువాడు వాల్వు తిప్పుతాడు, వాడి చెయ్యి నువ్వు కాల్చినట్టే అని చెడామడా తిట్టేవాడు. తప్పు రాస్తే కొట్టేసి, సరైనది రాసి, పక్కన సంతకం పెట్టాలి. కొట్టేసినది కూడా కనబడాలి. అది వాళ్ళ పద్ధతి. ఇక్కడ చెప్తే ఏమవుతుంది? ఆమె దృష్టిలో ఇంకా పలచనవుతాడు. గౌరీశ్వరి అబద్ధం బయటపడుతుంది. రేపు బంధువుల్లో, డ్యూటీలో, నీలిమ పెద్దదయ్యాక నీలిమకే, ఆపమన్నది నేనని తెలుస్తుంది. తెలిస్తే? చెప్పకపోతే ఆ పిల్ల పెద్దదవుతుందో లేదో.

లేచాడు. తలుపు మీద వేలి కణుపులతో కొట్టాడు, ఎవరూ రాలేదు, అరచేత్తో కొట్టాడు.

"ఏటి సేత్తన్నావు బావా? ఆల్లని పన్జేసుకోనీ" అంది గౌరీశ్వరి నేల మీంచి.

అనూరాధే తలుపు తీసింది.

"మేడమ్, మా ఆవిడ ఆపనేదండి. నాను ఆపమన్నాను. నిన్న కాదు. సోమారం పొద్దున్నించీ ఒక్క సూదీ పడనేదు. ఆకరిది ఆదివారం సాయంత్రం ఆరింటికి."

మేడమ్‌తో మాట్లాడేటప్పుడు పద్ధతిగా మాట్లాడాలని నాలుక్కి అతను పెట్టుకున్న కట్టుబాటు తెగిపోయింది. ఊళ్ళో మాట్లాడినట్టే వచ్చేసింది. అనూరాధ అతన్ని చూడలేదు, గడియారాన్ని చూసింది.

"అరవై గంటల పైమాట."

"మీ దగ్గరకొచ్చీసరికి అరవై నాలుగు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వెనక్కి తిరిగి, "సిస్టర్, సెలైన్ స్పీడు తగ్గించండి. మెదడు వాచకుండా చూసుకోవాలి. పొటాషియం పరీక్షకి రక్తం మళ్ళీ పంపండి, ఇప్పుడే" అంటూనే కేసుషీటు లాక్కుని పాత మాట కొట్టేసింది. తలుపు మళ్ళీ మూసుకుంది. తగ్గించండి అంది. అంటే ఇంతసేపూ ఎక్కువ పోస్తున్నారు. అంటే అతను నోరు మూసుకుని ఉన్న ప్రతి నిమిషం ఆ గొట్టంలోంచి పిల్ల ఒంట్లోకి పారింది. రెండోసారి ఆపీ అన్నట్టే కదూ. జగ్గారావు తలుపుకి నుదురానించి నిలబడిపోయాడు. గౌరీశ్వరి ఎప్పుడు లేచి వచ్చిందో, పక్కన నిలబడి ఉంది.

"నాను సెప్పీసినాను గదా. ఇప్పుడేటికి నువ్వు?"

"ఆవిడ తప్పు రాసుకున్నాదే."

గౌరీశ్వరి కొంగుతో మొహం తుడుచుకుని, గోడతో చెబుతున్నట్టుగా అంది. "సోమారం నాకు మనసొప్పనేదు బావా. సిరంజిలోకి మందు లాగీసినాను కూడాను. నువ్వన్నావని ఆపేనంతే. ఆపకుండా ఏసీవలిసింది." అతన్ని నిందించడానికి కాదు అన్నది. తనని తనే నిందించుకుంటోంది. అదే భరించలేకపోయాడు జగ్గారావు. నన్ను తిట్టవే, ఒక్కసారి తిట్టు అందామనుకున్నాడు గానీ, అది అడగడం కూడా తనకి తను వేసుకునే మందే అనిపించి ఊరుకున్నాడు.

పన్నెండు. రక్తం తీసి కింది అంతస్తుకి పంపారు. పన్నెండూ అయిదు. పన్నెండూ పది. అక్కడి మిషన్‌కి పొద్దున్న, అంకె ముందే తెలిసిన బఫరు పెట్టి సరిచూశారో లేదో, చూడకపోతే ఏ అంకె నమ్మాలి, పొద్దున్నది కూడా తప్పేమో, నిజానికి ఏడు పైనే ఉందేమో, లేక ఆరు ఎనభై అయిదేమో. ఎక్కితే ఎంత ఎక్కాలి? ఎక్కకపోతే? ఆరు ఎనభై, ఆ కింద ఏముంటుంది? మీటరు మీదైతే సున్నా దాకా గీతలుంటాయి. ఈ మనిషన్న జీవికి ఇంత సన్నటి చోటిచ్చి, ఆ చోటు దాటకుండా మందీ మార్బలాన్నీ కాపలా పెట్టి, ఆ కాపలాని తోసెయ్యడానికి మాత్రం ఒక తండ్రి ఒక్క మాట సరిపోయేటట్టు ఎందుకు పెట్టారు? ఎవరు పెట్టారు? ఎవర్ని అడగాలి? మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఒక కాగితం చేతులు మారడం, తలుపు. అనూరాధ కాగితం అతని ముందు పట్టింది. 7.04. జగ్గారావు దాన్ని చూశాడు, అంకెలు రాని వాడిలా మళ్ళీ మళ్ళీ చూశాడు, దాని అర్థం తనంతట తను చెప్పే ధైర్యం చెయ్యలేదు.

"ఇది... పైకేనా మేడమ్?"

"పైకే. బైకార్బనేట్ కూడా నాలుగు నుంచి ఆరుకొచ్చింది. గండం దాటిందని ఇప్పుడే అనను. రేపటి దాకా కళ్ళలో వత్తులేసుకుని చూడాలి. కానీ దారిలో పడింది." కొంచెం మెత్తగా, "ఇద్దరూ రండి. రెండు నిమిషాలు. మాట్లాడించొద్దు" అంది.

లోపల చల్లగా ఉంది. నీలిమ మంచంలో సగం కూడా లేదు, రెండు చేతులకీ గొట్టాలు, పెదవులు అట్టలు కట్టి, కళ్ళు లోపలికి పోయి. ఊపిరి ఇంకా వేగంగానే ఉంది గానీ మధ్యలో చిన్న చిన్న సందులున్నాయి, అతను లెక్కపెట్టాడు, ముప్ఫై దగ్గరకొచ్చింది. మంచం పక్కన సన్నటి మోటారు సిరంజి, మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున కదులుతూ ఇన్సులిన్ తోస్తోంది. గౌరీశ్వరి పిల్ల పాదం మీద చెయ్యి వేసింది. ఆ స్పర్శకి కనురెప్పలు కదిలాయి. కళ్ళు తెరుచుకుని, తల్లిని పోల్చుకుని, మోటారు సిరంజి మీద పడి అక్కడ ఆగాయి.

"అమ్మా... సూదేసేరా?"

"ఏసేరమ్మా. ఏసేరు తల్లీ. మాటాడకు."

నీలిమ నుదురు ముడిపడింది. చూపు మెల్లగా, కష్టపడి పక్కకి తిరిగి, జగ్గారావు మొహం దగ్గరకొచ్చింది.

"నాన్ననడిగేరా?"

గౌరీశ్వరి చెయ్యి పాదం మీద బిగుసుకుంది. ఆ పిల్ల ఇంకా జగ్గారావు కేసే చూస్తోంది, నాన్న సరేనంటాడో లేదోనని.